తలుపు పక్కన బై ఒకటి

పోయిన ఎండాకాలం నాలుగు రోజులు మా మేనత్త ఇంట్లో ఉన్నాను. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీది నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. ఊరి చివర మామిడితోట, తోట దాటితే అడవి. మూడోరోజు పొద్దున ఒకతను టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. ముందర రెండు పెయింటు డబ్బాలు, భుజాన సంచీ, సంచీలో రేకు అచ్చులు. "ఇంటి నంబర్లు రాస్తున్నామమ్మా. యాభై రూపాయలు."

ఎవరు రాయమన్నారని అడిగాను. పంచాయతీ అన్నాడు. కాయితం చూపించమంటే ప్లాస్టిక్ కవరులో ఒక కాయితం తీశాడు. దాని మీద గుండ్రటి ముద్ర ఉంది. ముద్రలో అక్షరాలు కూడబలుక్కునేలోపే ఫైలు మూసేశాడు. నేనింకేదో అడగబోతుంటే అత్త లోపలి నుంచి కేకేసింది. "ఇచ్చెయ్ రా. యాభైకి ఏం పోతది? రేపు నంబరున్నోళ్లకే ఏదన్నా వస్తే?"

ఆ రాత్రి ఫోన్లో డాలస్ దగ్గరుండే మా అన్నయ్యకి ఈ సంగతి చెప్తే పడీపడీ నవ్వాడు. అక్కడా ఇంతేనట. ముందు రోజు తలుపుకి ఒక కాయితం అంటించి పోతారు, చూడ్డానికి అచ్చం సిటీ నోటీసులాగే ఉంటుంది. మర్నాడు వచ్చి ఇంటి ముందు రోడ్డంచు సిమెంటు మీద తెల్లరంగు పూసి, నల్లటి అంకెలు అచ్చు వేసి, ఇరవై డాలర్లు అడుగుతారు. రాయించుకోకపోతే ఏమీ కాదు. "మరి ఎందుకిస్తావన్నయ్యా?" అంటే, "అంబులెన్సు వస్తే ఇల్లు కనపడాలి కదరా" అన్నాడు.

అత్త ఊళ్లో నంబరు చూసి ఇల్లు పట్టుకున్నవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. ఆ ఊళ్లో పోస్టుమాన్‌కి పేర్లు తెలుసు. 108 వాళ్లకి రామాలయం వెనక సందు అని చెప్తారు. కొత్తవాళ్లు కిరాణాకొట్టు దగ్గర ఆగి అడుగుతారు. మరి ఆ అంకెలు ఎవరికోసం? అత్త ఎందుకంత గబుక్కున యాభై తీసింది? ఈ ప్రశ్న పట్టుకుని కొన్ని పుస్తకాలు తిరగేశాను, కొన్ని ఊళ్లు తిరిగాను.

ఇంటికి నంబరు వేయడం మనుషుల సౌకర్యం కోసం మొదలైన పని కాదు. 1770లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన రాజ్యంలో ఇళ్లన్నిటికీ నంబర్లు వేయించింది. సైన్యానికి పనికొచ్చే మగవాళ్లు ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలియాలి, అదీ అవసరం. వియన్నా చరిత్రకారుడు ఆంటన్ టాంట్నర్ ఈ చరిత్రంతా తవ్వి తీశాడు. జనానికి విషయం వెంటనే అర్థమైంది. కొన్నిచోట్ల రాసిన అంకెల్ని గీకి పారేశారు. రంగు డబ్బాతో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి చూస్తే భయపడాల్సిందే అనుకున్న రోజులవి.

మన దగ్గర ఈ పని జనాభా లెక్కలతో వచ్చింది. దేశమంతా ఒకేసారి లెక్క తీయడం 1881లో మొదలు. అప్పటికి భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లా. ఏటికి ఇవతల బూర్గంపాడు నిజాం రాజ్యం. ఇంటికి అంకె వేస్తే కొత్త పన్ను పడుతుందనో, మనుషుల్ని పట్టుకుపోతారనో పుకార్లు పుట్టేవి. అదే 1881లో సంతాల్ పరగణాల్లో లెక్కలకి వ్యతిరేకంగా సంతాలులు కదిలారు. సర్కారు సైన్యాన్ని దింపింది.

అంకె వేసే పద్ధతి కూడా చూడదగ్గదే. కట్టడానికి ఒక నంబరు. ఆ కట్టడంలో వేర్వేరు కాపురాలుంటే బ్రాకెట్లో ఒకటి, రెండు. నంబర్లు వేశాక మధ్యలో కొత్త ఇల్లు బయటపడితే పక్కింటి నంబరు కింద బై ఒకటి. వేసేది ఎక్కువగా బడిపంతుళ్లే. సుద్ద, జాజు, తారు, ఏది దొరికితే దానితోనే. మైదానంలో గోడ ఉంటుంది, తలుపు ఉంటుంది. కోయగూడెంలో వెదురు తడిక మీద మట్టి మెత్తిన గోడ. పండక్కి ఆడవాళ్లు అలికారంటే అంకె పోయినట్టే. కొండల్లో ఇంకా కష్టం. 1940ల్లో హైమెండార్ఫ్ చూసిన కొండరెడ్లు పోడు వెంట కదిలే మనుషులు. గుడిసే కదులుతుంటే దాని నంబరు ఎక్కడుంటుంది?

స్వతంత్రం వచ్చాక రంగు డబ్బా పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. 1958లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక డీడీటీ కొట్టేవాళ్లు కొట్టిన తారీఖు గోడ మీద రాసేవాళ్లు. పోలియో చుక్కలవాళ్లు పిల్లలందరికీ వేస్తే ఇంగ్లీషు 'పి' అక్షరం, ఎవరైనా మిగిలితే ఇంటూ గుర్తు సుద్దతో గీసి పోతారు. చిన్నప్పుడు మా దర్వాజ మీది ఇంటూ చూసి మాకు పరీక్షలో తప్పు పడిందని ఏడ్చానట. వీటిల్లో ఏదీ చిరునామా కాదు. ఆ ఇంటి పని అయిందో లేదో తెలుసుకోవడానికి ఎవరో తమకోసం పెట్టుకున్న గుర్తులు. ఇంటివాళ్లది గోడ మాత్రమే.

అయితే అడవి అంచున కథ తిరగబడింది. గీకి పారేయాల్సిన అంకెని జనం అడిగి రాయించుకోవడం మొదలుపెట్టారు. కారణం భూమి. భద్రాచలం, పాల్వంచ, బూర్గంపాడు, ఇదంతా ఐదో షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. జనం నోట అది '1/70 చట్టం'. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు గిరిజనుల దగ్గర భూమి కొనలేరు. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టాన్ని సమర్థించింది. అయినా ఊళ్లు పెరిగాయి, ఇళ్లు లేచాయి, తెల్లకాయితాల మీద చేతులు మారాయి. రిజిస్ట్రేషన్ లేని ఇంటికి ఇక మిగిలేది రెండే: పంచాయతీ వేసిన నంబరు, ఇంటిపన్ను రశీదు. రశీదు హక్కుపత్రం కాదని కోర్టుకెళ్తే ఎవరైనా చెప్తారు. కానీ కరెంటు మీటరు, రేషన్ కార్డు, ఓటు, ఆధార్, అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి.

మా అత్త వాళ్లూ ఆ జాబితాలోని వాళ్లే. మా ఇళ్లల్లో 1/70ని తిట్టుకోవడం వింటూ పెరిగాను. ఆ చట్టం ఎందుకొచ్చిందో, దానికి ముందు కోయల భూములు అప్పుల కింద, సారా కింద ఎట్లా పోయాయో మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కాలేజీకొచ్చాక చదువుకుని తెలుసుకున్నాను. అత్తకి ఆ అంకె అంటే ఉన్న ప్రేమని నేను వెక్కిరించలేను, పూర్తిగా సమర్థించనూ లేను.

2014 ఈ అంకెల చరిత్రలో పెద్ద ఏడాది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. జులైలో చట్టం పార్లమెంటు దాటింది. భద్రాచలం గుడీ ఊరూ తెలంగాణలో ఉండిపోయాయి, చుట్టూ ఉన్న మండలం పోయింది. ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే. ఆ ఒక్కరోజు ఇంట్లో లేకపోతే లెక్కలో ఉండమేమోనని హైదరాబాదు నుంచీ, ముంబై నుంచీ జనం బస్సులెక్కి ఊళ్లకి పోయారు. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు చట్టప్రకారం అప్పటికే పక్క రాష్ట్రం. ఇల్లు కదల్లేదు, ఇంటి పైన రాష్ట్రం కదిలింది. నిజానికి ఇక్కడ అది కొత్త కాదు. ఈ ఏటి అంచు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్లకి పోయింది, మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది, 1874లో గోదావరి జిల్లాలో కలిసింది, 1959లో ఖమ్మంలోకి వచ్చింది. 2022లో ఎటపాక వైపు ఊళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఆ జులైలో గోదారి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఈ ఐదూళ్ల జనం తమని తెలంగాణలో కలపమని గట్టిగా అడిగారు. భద్రాచలంలో ఇంటి నంబరు మర్చిపోయినవాడుంటాడేమో గానీ 43, 48, 53 తెలియనివాడుండడు. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. కొన్ని గోడల మీద 1986 వరద ఎంతవరకు వచ్చిందో చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ ఏడు 75.6 అడుగులు. ఆ అంకెలు రాయడానికి ఎవరికీ యాభై ఇవ్వక్కర్లేదు.

ముంపు మండలాల్లో సర్వేవాళ్లు వేసిన అంకెల బరువు వేరు. ఇల్లు జాబితాలోకి ఎక్కితే పరిహారం, ఎక్కకపోతే ఏమీ లేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన కొడుకైనా కూతురైనా వేరే కుటుంబం లెక్క. కాబట్టి ఒక్క ఇంట్లో ఎన్ని కుటుంబాలున్నాయన్నది పెద్ద తగాదా. అంచె ప్రకారం 41.15 మీటర్ల కాంటూరు లోపలివాళ్లు ముందు. కూనవరం వైపు ఒక ముసలాయన నాతో అన్నాడు: "మా ఇంటికి నంబరేసిందే ఇల్లు తీసెయ్యడానికయ్యా. అయినా వేయించుకున్నాం. వేయకపోతే ఉత్తినే తీసేస్తరు గదా."

ఇంతమంది గోడల మీద ఇన్ని అంకెలుంటే, అసలేదీ లేనివాళ్లు ఆ అడవిలోనే ఉన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి వేలమంది గోదావరి దాటి ఇటు వచ్చారు. ఇక్కడ వాళ్లని గుత్తికోయలంటారు. అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబరు 13. ఆ తేదీకి ముందు నుంచి అడవిలో ఉన్నవాళ్లకే హక్కు. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. అంటే ఇళ్లు తగలబడి పారిపోతున్నవాళ్లు ఆర్నెల్లలోపు కొత్త అడవిలో స్థిరపడి ఉంటేనే లెక్కలోకి వస్తారు. మిగతావాళ్ల గుడిసెలు చాలాచోట్ల కూల్చారు, వాళ్లు మళ్లీ వేసుకున్నారు. 2022 నవంబరులో ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకి గురయ్యాడు. ఆ తరవాత వీళ్లని తిరిగి ఛత్తీస్‌గఢ్ పంపేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. చంపినవాళ్లకి శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ గూడెం మొత్తాన్నీ పొమ్మనడం తేలికైందంటే, ఆ గూడేనికి గోడ మీద ఒక్క అంకె లేకపోవడం కూడా ఒక కారణమే అనిపిస్తుంది నాకు. ఒక గుత్తికోయ గూడెంలో తలుపుగా పెట్టిన తడిక మీద సుద్దతో గీసిన 'పి' కనిపించింది. పోలియో చుక్కలవాళ్లు నడుచుకుంటూ వచ్చి ఉంటారు. సర్కారు అక్కడ రాసిన అక్షరం నాకు కనపడినంతలో అదొక్కటే.

2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే జరిగింది, తలుపులకి స్టిక్కర్లు పడ్డాయి. 2027 జనాభా లెక్కలకి ఫోన్లో యాప్ అంటున్నారు. అప్పుడు గోడ మీద ఏం మిగులుతుందో చూడాలి. అత్త దర్వాజ మీద మాత్రం ఇప్పటికి స్టిక్కరు ముక్క ఉంది, మార్కరు గీత ఉంది, పసుపు రాసినప్పుడల్లా సగం మాసిన పాత అంకె ఉంది.

అతను రాయడం పూర్తిచేసి డబ్బా మూతపెడుతున్నాడు. గోడ మీద పసుపు చదరంలో నల్లగా 3-14 అని పడింది. అచ్చు అంచులు చక్కగా వచ్చాయి. అత్త లోపలి నుంచి బియ్యం డబ్బాలో దాచుకునే కవరు తెచ్చి, అందులోంచి పన్ను రశీదు తీసి అతని ముందు పెట్టింది.

"బై ఒకటి ఏదయ్యా?"

3-14 మా మామయ్య వాళ్ల అన్నది. పదిహేనేళ్ల కిందట అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. మామయ్య పోయాక ఆ బై ఒకటి ఒక్కటే అత్త వంతు.

"బై అచ్చు లేదమ్మా నా దగ్గర. ఏముంది, అందరికీ తెలుసు గదా మీ ఇల్లు."

"అందరికీ తెలిస్తే నువ్వెందుకొచ్చినవ్? చేత్తో రాయి."

బ్రష్ తీసి, డబ్బాలో ముంచి, ఊపిరి బిగబట్టి గీశాడు. గీత కొంచెం వంకరగా వచ్చింది, ఒకటి పసుపు చదరం దాటి సున్నం మీదికి పోయింది. అత్త రశీదు కళ్ల దగ్గర పెట్టుకుని, గోడ చూసి, మళ్లీ రశీదు చూసింది. చేత్తో రాసినందుకు ఇంకో ఇరవై అడిగాడతను. ఇవ్వమని నాకు చెప్పి, మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్లింది.