దొర గడి నుంచి నడుము ఒర దాకా

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ భూమి ధర ఎకరాల్లోంచి గజాల్లోకి మారిన దగ్గర్నుంచి రావల్కోల్ లాంటి ఊళ్ళల్లో ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్ళు, పెద్ద మొత్తాలు చేతులు మారేచోట ఉండేవాళ్ళు, వెంచర్ల మధ్య ఒంటరి ఇళ్ళల్లో ఉండేవాళ్ళు లైసెన్సు తీసుకుని చిన్న తుపాకీ ఒకటి దగ్గర పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. పెట్టుకుంటే ఏది నమ్మకమైనదని కూడా అడుగుతున్నారు. భయానికి కారణం లేకపోలేదు. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లను కాల్చి చంపారు. భూమి తగాదా తుపాకీ దాకా వెళ్ళగలదని హైదరాబాద్ శివార్లన్నిటికీ ఆ రోజే తెలిసింది.

ఈ ప్రశ్నకు జవాబు తుపాకుల దుకాణంలో లేదు, చరిత్రలో ఉంది. మనవాడి నడుముకు ఏ ఆయుధం ఉండాలో నూట యాభై ఏళ్ళుగా తేలుస్తున్నది కట్టుకునేవాడి అవసరం కాదు, ప్రభుత్వాల భయం.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు జనం చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడం మొదలుపెట్టారు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన ఆయుధ చట్టం ఆ పనిని స్థిరపరిచింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని కోస్తా, రాయలసీమ తెలుగువాళ్ళు ఆ చట్టం కింద బతికారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడింది ముందుగా తుపాకుల కోసమే. ఏజెన్సీలో తిరగబడేవాడికి తుపాకీ దొరికే చోటు పోలీసు స్టేషనే మరి.

హైదరాబాద్ రాజ్యం సంగతి వేరు. మేడ్చల్ తాలూకా అప్పుడు నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్ కింద, అత్రాఫ్ బల్దా జిల్లాలో ఉండేది. ఆ రాజ్యంలో తుపాకీ జాగీర్దారు హోదాకు, దేశ్‌ముఖ్ అధికారానికి గుర్తు. గడిలో గోడకు వేలాడేది, దొర వెంట మనిషి భుజాన నడిచేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నవి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. ఎదురు నిలిచిన రైతుల దగ్గర మొదట్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు, ఆ తర్వాత గొట్టంలో మందు దట్టించి పేల్చే భర్మార్లు. సొంత రక్షణకు ఆయుధం ఎవరికి ఉండాలన్న ప్రశ్న తెలంగాణలో అంత తీవ్రంగా మరెప్పుడూ రాలేదని నా అభిప్రాయం. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు నిజాం కోసం దొంగతనంగా ఆయుధాలు మోసుకొచ్చాడు. సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద భారత సైనిక చర్య జరిగింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. ఆ తర్వాత ఇక్కడా కేంద్ర చట్టమే.

ఇప్పుడు అమల్లో ఉన్న ఆయుధ చట్టం 1959లో వచ్చింది, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. పంట కాపలాకు మందు దట్టించే తుపాకీ అడిగినా, ఆత్మరక్షణకు పొడుగు గొట్టపు తుపాకీ అడిగినా చట్టం కాస్త ఉదారంగా ఉంటుంది. చేతి తుపాకీ దగ్గరకు వచ్చేసరికి తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. కమిషనరేట్ల పరిధిలో ఆ అధికారి పోలీసు కమిషనరు. ప్రాణభయం ఉందంటే ఆధారం చూపాలి. పోలీసు విచారణ నివేదిక రావాలి. 2016 నిబంధనలు వచ్చాక తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్న పత్రం కూడా జతచేయాలి. ఒక మనిషికి ఎన్ని ఆయుధాలన్న లెక్క 1983 సవరణతో మూడైంది, 2019 సవరణతో రెండైంది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది.

బోరు, అంటే గొట్టం లోపలి కొలత, సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన దగ్గర ఎంపిక అనేది అక్కడే సగం ముగిసిపోతుంది. సైన్యం వాడే తూటా పౌరుడి తుపాకీలో పట్టకూడదన్నది బ్రిటిష్ వాళ్ళు పెట్టిన సూత్రం. దొంగిలించిన తూటాలు తిరుగుబాటుదారుల తుపాకుల్లో పేలతాయని వాళ్ళ భయం. 1907లో .450 బోరును భారతదేశంలోకి రానివ్వకపోవడంతో లండన్ తయారీదారులు ఇక్కడి వేటగాళ్ళ కోసం .470 లాంటి కొత్త సైజులు పుట్టించాల్సి వచ్చింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, సూత్రం మిగిలింది. ప్రపంచంలో పోలీసులూ పౌరులూ ఎక్కువగా నమ్మే 9 ఎం.ఎం. పిస్టల్ మన దగ్గర నిషిద్ధ బోరు. .38, .455 కూడా అంతే. మామూలు లైసెన్సుదారుకు మిగిలేవి ప్రధానంగా .32, ఆ కింద .22. ఈ .32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా రెండూ పందొమ్మిదో శతాబ్దం చివరివి. అమెరికాలో ఈ రోజు పుస్తకాలకు పుస్తకాలు రాసేంత చర్చ ఉన్న విషయం మన దగ్గర ఒక్క బోరు లోపలి చర్చగా కుదించుకుపోయింది.

1980ల నడిమికి విదేశీ తుపాకుల వ్యక్తిగత దిగుమతి కూడా ఆగిపోయింది. అప్పటికే దేశంలో ఉన్న పాత వెబ్లీలు, కోల్ట్‌లు, బ్రౌనింగ్‌లు చేతులు మారుతూ ధరలో లక్షల్లోకి వెళ్ళాయి. కొత్తది కావాలంటే చాలాకాలం ప్రభుత్వ ఆయుధ కర్మాగారమే దిక్కయింది. కాన్పూరులో తయారైన .32 రివాల్వరు పాత వెబ్లీ పద్ధతిదే. మీట నొక్కితే గొట్టం కిందికి వంగుతుంది, ఆరు ఖాళీ తూటా తొడుగులూ ఒక్కసారి పైకి లేస్తాయి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడితే మాత్రం ఆ మడత కీలు, ఆ మీట వదులయ్యే అవకాశం ఉంటుంది. కర్మాగారాలే తెచ్చిన అశని పిస్టల్ కూడా .32, మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి.

ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు కర్మాగారం నిర్భీక్ తెచ్చింది. మహిళలకోసం అన్నారు. టైటానియం మిశ్రమంతో చేసిన అర కిలో రివాల్వరు, ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. ఆ ధర పెట్టగలిగే మహిళలు ఎందరు, వాళ్ళల్లో లైసెన్సు దొరికేవాళ్ళు ఎందరు? రాత్రి షిఫ్టు ముగించుకుని బస్సు కోసం నిలబడే అమ్మాయికి అది ఎప్పుడూ అందేది కాదు. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో చిన్న ఆయుధాల కంపెనీ 2023 ఆగస్టులో ప్రబల్ తెచ్చింది. .32 బోరే, గొట్టం 76 మిల్లీమీటర్లు, బరువు 700 గ్రాముల దాకా. తేడా ఏమిటంటే గొట్టం వంగదు, సిలిండరే పక్కకు తెరుచుకుంటుంది. మిగతా ప్రపంచం దాదాపు వందేళ్ళ కిందటే స్థిరపడిన పద్ధతికి మన పౌర రివాల్వరు అప్పుడు చేరింది.

రోజూ వెంట ఉంచుకునేదానికి నమ్మకం అంటే ఏమిటో ఇక్కడ దగ్గరగా చూడాలి. తూటా పేలకపోతే రివాల్వరులో ట్రిగ్గరు మళ్ళీ నొక్కితే చాలు, సిలిండరు తిరిగి తర్వాతి తూటా ముందుకొస్తుంది. పిస్టల్లో అయితే రెండో చేత్తో స్లైడు వెనక్కి లాగి చెడ్డ తూటాను బయటపడేయాలి. చేతులు వణికే వేళ అది చిన్న పని కాదు. అందుకే మన తూటాలతో, మన అరకొర సాధనతో రివాల్వరే మేలని అంటాను. మన వాతావరణం దానికి ఇంకో పరీక్ష. మే నెలలో నడుము దగ్గర తోలు ఒర చెమట పీల్చుకుంటుంది, ఆ తడికి ఉక్కు మీద తుప్పు మొదలవుతుంది, ఇత్తడి తూటా తొడుగులకు పచ్చటి చిలుము పడుతుంది. ఇంటికి రాగానే ఒరలోంచి తీసి పొడిగుడ్డతో తుడిచి, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. ఏడాది పాటు మోసిన తూటాలను దాచుకోకూడదు, రేంజ్‌లో కాల్చేసి కొత్తవి వేసుకోవాలి. కొనేముందు ఖాళీ చేసి చూసుకుని, సుత్తిని నెమ్మదిగా వెనక్కి లాగుతూ సిలిండరులోని ప్రతి అరా గొట్టానికి ఎదురుగా కుదురుగా నిలుస్తోందా అని ఆరింటికీ చూడాలి. చాలామంది పైపూత, పిడి చూసి ఈ పరీక్ష వదిలేస్తారు.

ఒర విషయంలో నిబంధన స్పష్టంగా ఉంది. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒరలో, పూర్తిగా కప్పి ఉండాలి. అంటే దాచి ఉంచుకోవడం ఇష్టాయిష్టాల మాట కాదు, విధి. పెళ్ళిలో గాల్లోకి కాల్చినా 2019 సవరణతో రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తెలుగు రాజకీయం మాత్రం ఈ దాచి ఉంచే నియమానికి ఎదురుగా పెరిగింది. మన దగ్గర ఆయుధం నాయకుడి ఒంటి మీద ఉండదు, వెనక నిలబడ్డ గన్‌మన్ చేతిలో పదిమందికీ కనబడుతూ ఉంటుంది. ఆ ప్రదర్శన చూసి పెరిగినవాళ్ళకు తుపాకీ రక్షణ వస్తువని తోచడం కంటే పలుకుబడి వస్తువని తోచడమే ఎక్కువ. 2011 జనవరి 3న హైదరాబాదులో ఫ్యాక్షన్ నాయకుడు మద్దెలచెరువు సూరి తన కారులో ఉండగానే, పక్కనున్న అనుచరుడి చేతిలో హతుడయ్యాడు. అంత దగ్గర్నుంచి వచ్చే ప్రమాదానికి ఏ ఒర అడ్డుపడుతుంది?

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇక్కడివాళ్ళకు ఈ విషయంలో సలహాలిస్తుంటారు. కానీ అక్కడి చట్టం వేరు. 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఇంటి బయట చేతి తుపాకీ ఉంచుకునే హక్కును గుర్తించింది, టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ కూడా అక్కర్లేదు. అయితే హెచ్-1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్ళకు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ దగ్గర ఉండడమే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి తెలియక స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకునే పిల్లలకు పెద్దలు తప్పక చెప్పాలి.

మళ్ళీ మన దగ్గరకొస్తే, అసలు లోటు ఆయుధంలో కంటే సాధనలో ఉంది. సాధారణ లైసెన్సుదారుకు ఏడాదికి దొరికేది 200 తూటాలు, ఒకేసారి దగ్గర ఉంచుకోగలిగేది 100. కొత్త రివాల్వరును నమ్మాలంటే కనీసం 50 తూటాలు తడబాటు లేకుండా కాలి తీరాలని నేనంటాను. అంటే ఏడాది కోటాలో పావు వంతు ఆ పరీక్షకే పోతుంది. మిగిలిన 150తో చేయి కుదరదు. కుదుర్చుకుందామన్నా చోటేది? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్ క్రీడాకారుల కోసం. గగన్ నారంగ్, ఈషా సింగ్ ఈ నగరంలోనే ఎదిగి ప్రపంచ వేదికల మీద పతకాలు తెచ్చారంటే దాని వెనక వేల తూటాల సాధన ఉంది. రావల్కోల్‌కు దగ్గర్లోనే హకీంపేటలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జాతీయ శిక్షణ సంస్థ ఉంది. అక్కడ యూనిఫాం వేసుకున్నవాళ్ళకు ఆయుధం నేర్పుతారు. ఆ పక్క ఊరి లైసెన్సుదారు మాత్రం ఆయుధాన్ని బీరువాలో పెట్టుకుని, ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషనులో అప్పజెప్పి, అవి అయ్యాక తెచ్చుకుంటూ ఉంటాడు. ఈ మధ్యలో దాన్ని కాల్చినవాళ్ళు తక్కువ.

లైసెన్సు కోసం కాగితాలు సిద్ధం చేసుకుంటున్న పాఠకులకు చెప్పేది ఇది. మీకు నిజమైన బెదిరింపు ఉండి, నెలకోసారైనా రేంజ్‌కు వెళ్ళే ఓపిక ఉంటే, పక్కకు తెరుచుకునే సిలిండరున్న కొత్త .32 రివాల్వరు తీసుకోండి. ఆ రెండింట్లో ఏది లేకపోయినా కొనకండి. ప్రభుత్వానికి కూడా ఒక విన్నపం. చేతి తుపాకీ లైసెన్సులు ఇచ్చే ప్రతి కమిషనరేటు పరిధిలో పౌరులకు ఒక రేంజ్ తెరవండి, లైసెన్సు రెన్యువల్‌కు అక్కడి పరీక్షను షరతుగా పెట్టండి.