తప్పు ముద్రణ నాణేలు, నోట్లు

తయారీలోనే లోపం ఏర్పడి, తనిఖీకి చిక్కకుండా చలామణిలోకి వచ్చిన నాణేలు, నోట్లు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో దొరికిన శాతవాహన, ఇక్ష్వాకు సీసపు నాణేల్లో బొమ్మ పక్కకు జరగడం మామూలే. చేత్తో అచ్చు కొట్టిన కాలమది. దాన్ని లోపమని చూపి ఎక్కువ ధర అడగడం సబబు కాదు.

యంత్రంపై కొట్టిన నేటి నాణెంలో అదే జరిగితే అరుదు. బొమ్మ పక్కకు జరిగిన చోట ఖాళీ లోహం నునుపుగా ఉండాలి. ఆకురాయి గీతలు కనిపిస్తే అది ఎవరో చేసిన పని. తూకం మరో సాక్ష్యం: పాత రాగి-నికెల్ అయిదు రూపాయల బిళ్ల 9 గ్రాములు. సంవత్సరం కింది నక్షత్రం లోపం కాదు, హైదరాబాద్ టంకశాల గుర్తు. నోటు సంఖ్యలోని నక్షత్రమూ అంతే; పాడైన నోటుకు బదులుగా వేసినదని 2006 నుంచి అదే సూచన. రెండుచోట్ల వేర్వేరు సంఖ్యలుండటం, మడత వల్ల మూలన అదనపు కాగితం మిగలడం అసలైన లోపాలు.

విలువ లోపం తీవ్రతను, నోటు లేదా నాణెం స్థితిని, కొనేవారి ఆసక్తిని బట్టి ఉంటుంది. పాత నాణేలు, నోట్ల అమ్మకాలకు తన పేరు వాడుకుని రుసుములడిగే మోసగాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది.