కర్ణభేరికి మాసిక వేసిన కథ

మీ చెవి లోపల మిల్లీమీటరులో పదో వంతు మందం గల ఒక పొర ఉన్నది. అదే కర్ణభేరి. చీము వలన గాని, చెంపదెబ్బ వలన గాని దానికి చిల్లు పడితే దేనితో మాసిక వేయాలి? వైద్యులు నాలుగు శతాబ్దాలుగా వెతుకుతున్నారు.

1640లో జర్మనీకి చెందిన మార్కస్ బాంజర్ చిన్న గొట్టానికి పంది మూత్రాశయపు పొర బిగించి చెవిలో ఉంచమన్నాడు. రెండు వందల ఏళ్ళ తరువాత, 1841లో, లండన్ వైద్యుడు జేమ్స్ యర్స్‌లీకి ఉపాయం నేర్పినవాడు ఆయన రోగియే. న్యూయార్కు నుండి వచ్చిన ఆ వ్యక్తి కాగితాన్ని పుల్లలా చుట్టి, కొసను ఉమ్మితో తడిపి చెవిలో పెట్టుకొని వినికిడి మెరుగుపరచుకొనేవాడు. (మీరు మాత్రం ఆ పని చేయకండి!) యర్స్‌లీ కాగితానికి బదులు తడి దూదిని వాడాడు. 1853లో జోసెఫ్ టాయిన్‌బీ వెండి తీగ చివర రబ్బరు బిళ్ళను అమర్చాడు. ఇవన్నీ చెవిలో ఉన్నంతసేపే పనిచేసేవి. చిల్లు చిల్లుగానే ఉండేది.

అసలు మలుపు బోస్టన్‌లో వచ్చింది. గ్రాహంబెల్ ప్రయోగాలకు మృతుని చెవిని సమకూర్చిన క్లారెన్స్ బ్లేక్, చిల్లుపై కాగితపు బిళ్ళ అంటించి చూశాడు. ఆ బిళ్ళ ఉంచినచోట ఉండక మెల్లగా అంచు వైపు జరిగింది! కర్ణభేరి పైచర్మం నిరంతరం పెరుగుతూ వెలుపలికి ప్రయాణిస్తుందని అలా తెలిసింది. అనగా మాసిక చిల్లును మూయదు. పెరిగే చర్మానికి వంతెనగా నిలుస్తుంది.

1950ల తరువాత చెవి పైనున్న కండరపు పొరనే తీసి అతికించే శస్త్రచికిత్స స్థిరపడింది. అయితే దానికి కోత తప్పదు. అందుకే జెలటిన్ స్పాంజి, సిలికోన్, కొల్లాజెన్, పట్టుపురుగు దారంలోని ప్రొటీను వంటివాటిని పరీక్షిస్తున్నారు. ఆ పదార్థం ధ్వనికి కంపించాలి, తుమ్మినప్పటి ఒత్తిడికి చిరగరాదు, లోపలి చెవికి విషం కారాదు.

ఇక్కడొక చిక్కున్నది. ఎలుక కర్ణభేరికి కొత్తగా చేసిన చిల్లు కొద్దిరోజుల్లో తనంత తానే పూడుతుంది. ఆ ఘనత మాసికకు దక్కుతుంది. కనుక మానకుండా నిలిచిపోయిన చిల్లుపై పరీక్షించాలి. ఏమీ పెట్టని చెవితో పోల్చాలి.

మనుషులలోనూ అంతే. దెబ్బతో చిల్లు పడిన రోగులను పరీక్షించి, "చెవిలోకి నీరు పోనివ్వకుండా రెండు మూడు నెలలు ఆగండి" అని పంపేవాడిని. మందు రాయలేదని కోపగించుకొని, మళ్ళీ రానివారూ ఉన్నారు.