నాలుగో బోల్టు తిరుగుతూనే ఉంది

తార్నాకలో మెట్రో దిగి ఆటో ఎక్కి మాణికేశ్వర్ నగర్ అనండి. డ్రైవర్ ఒక క్షణం ఆలోచిస్తాడు. వడ్డెర బస్తీ అనండి, వెంటనే బండి తిప్పుతాడు. యూనివర్సిటీ గోడను ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది బస్తీ. సందులోకి నడిచే కొద్దీ టు-లెట్ బోర్డులు, జిరాక్సు షాపులు, తలుపు బయట ఆరేసిన తువాళ్లు. కరెంటు స్తంభానికి గ్రూప్స్ కోచింగు పోస్టర్ల మీద ఇంకా కొత్త పోస్టర్లు. ఇనుప మెట్లు ఎక్కండి, చెయ్యి మాత్రం రెయిలింగుకు తగిలించకండి, ఎండకు కాలుతుంది. రెండో అంతస్తులో చివరి గది మనది.

చెప్పులు బయట విప్పండి. గది చిన్నది. ఒక మడత మంచం, రైస్ కుక్కర్, గోడ పొడవునా పుస్తకాలు, కింద షాబాద్ బండలు. మధ్యలో చక్రాల కుర్చీ. నల్ల మెష్ వీపు, నీలం గుడ్డ సీటు. వీపు వెనక ఇంకా ఊడని స్టిక్కరు ఉంది, ఏదో కంపెనీ వేసుకున్న నంబరు. 2020 తర్వాత ఐటీ కంపెనీలు ఇంటి నుంచి పని అని అంతస్తులకు అంతస్తులు ఖాళీ చేసినప్పుడు ఇలాంటి కుర్చీలు లారీలకెక్కి సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరాయి. అక్కడి నుంచి ఇలాంటి గదులకు వచ్చాయి. హైటెక్ సిటీలో ఎవరో కూర్చున్న కుర్చీలో ఇప్పుడు సూర్యాపేట దిక్కు నుంచి వచ్చిన తమ్ముడు కూర్చుని థీసిస్ రాస్తున్నాడు.

"కూసోండ్రి," అంటాడు.

కూర్చుంటారు. సీటు ఎడమవైపు ఒక్కసారి ఒరుగుతుంది. మీ చెయ్యి దానంతటదే టేబుల్ అంచును పట్టుకుంటుంది. కింద ఎక్కడో 'టక్' మంటుంది.

"గట్లనే ఊగుతది. పడెయ్యదు," అంటాడు అతను నవ్వుతూ. నెలల తరబడి దానితో సర్దుకుపోయినవాడి నవ్వు అది. తన బరువంతా కుడి తొడ మీదే వేసి కూర్చోవడం అలవాటైపోయింది. సాయంత్రానికి నడుము నొప్పి. ఇవాళ ఆదివారం, లైబ్రరీకి పోకుండా దీని సంగతి తేల్చాలని కూర్చున్నాడు. మంచం మీద పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద పానాలు, ఒక పేచ్‌కస్, ఎలన్ కీల గుత్తి, సుత్తె పెట్టాడు. ఎలన్ కీ చేతిలోకి తీసుకుని కుర్చీని తిరగేయబోతున్నాడు.

"ఆగు తమ్మీ."

గుమ్మంలో ఇంటి ఓనరు. అందరూ కాకా అంటారు. బనియను, లుంగీ, చేతి వేళ్లు ఒక్కొక్కటి మీ బొటనవేలంత లావు. జీవితమంతా రాయి కొట్టి, మేస్త్రీ పని చేసి, ఇప్పుడు గదులు అద్దెకిచ్చుకుని ఉన్నాడు. యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ కట్టేటప్పుడు రాళ్ల పనికి వచ్చిన వడ్డెరలే ఇక్కడ గుడిసెలు వేసుకున్నారని బస్తీ పెద్దలు చెబుతారు. కాక తాత కూడా ఆ పనిలో ఉన్నవాడేనట. 1934 జూలైలో పునాదిరాయి, 1939 డిసెంబరులో ప్రారంభం. నక్షా గీసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు పుస్తకాల్లో ఉంది, కట్టించిన నిజాం పేరు ఉంది. ఆ గులాబీ రంగు గ్రానైటును ఉలితో చెక్కిన చేతుల పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. సరే, కుర్చీ దగ్గరికి వద్దాం.

"ఊగేది కుర్సీనా, బండనా?" అంటాడు కాక.

అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. షాబాద్ బండలు పరిచిన నేల అద్దంలా ఉండదు. బండకూ బండకూ మధ్య సందు ఉంటుంది, ఒక మూల కాస్త దిగి ఉంటుంది. చక్రం ఆ సందులో పడితే మంచి కుర్చీ కూడా ఒరుగుతుంది. కుర్చీని గుమ్మం దగ్గరికి దొర్లించండి. అక్కడ కూర్చోండి. మళ్లీ ఎడమకే ఒరిగింది. చుట్టూ సగం తిప్పి కూర్చోండి. ఇప్పుడూ మీ ఎడమకే. అంటే నేల తప్పు కాదు, రోగం కుర్చీతో పాటే తిరుగుతోంది.

కాక మోకాళ్ల మీద కూర్చుని, సీటు కింద ఒక అరచెయ్యి, ఇనుప గొట్టం మీద ఇంకో అరచెయ్యి పెడతాడు. "ఇప్పుడు ఊగు తమ్మీ." తమ్ముడు కూర్చుని ఊగుతాడు. కాక కళ్లు మూసుకుంటాడు. మీరూ అక్కడ చెయ్యి పెట్టి చూడండి. చక్రాలు కదలడం లేదు. అయిదు కాళ్ల చట్రం కదలడం లేదు. గొట్టం రవ్వంత కదులుతోంది. సీటు పలకకూ దాని కింది ఇనుప పెట్టెకూ మధ్య మాత్రం సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది, వేలి చర్మం చిక్కుకునేంత. 'టక్' మన్న చప్పుడు అక్కడిదే.

"ఈడ," అని మాత్రం అంటాడు.

ఈ కుర్చీలో ఊగగలిగిన చోట్లు చాలానే ఉన్నాయి. చక్రం కాడ దాని గుంతలో వదులు కావచ్చు. చట్రం కాలు ఎక్కడైనా పగిలి ఉండవచ్చు, ప్లాస్టిక్ చట్రాలకు ఆ జబ్బు ఎక్కువ. సీటును పైకీ కిందికీ జరిపే గ్యాస్ గొట్టంలోని ప్లాస్టిక్ బుష్ అరిగిపోవచ్చు. సీటు కింది పెట్టెలో, వెనక్కి వాలడానికి ఉన్న కడ్డీ వదులు కావచ్చు. ఇవన్నీ ఒక్క మనిషి బరువును ఒకదాని మీద ఒకటి మోస్తున్నవే. ఏది ఊగినా కూర్చున్నవాడికి అంతా ఊగినట్టే ఉంటుంది. అందుకే చాలామంది చేతికి దొరికిన బోల్టునల్లా బిగించి, మర్నాడు మళ్లీ తిట్టుకుంటారు.

కాళ్లు అయిదే ఎందుకు అని ఎప్పుడైనా అనుకున్నారా? ఒకప్పుడు ఆఫీసు కుర్చీలకు నాలుగే ఉండేవి. ఒకే పొడవు కాళ్లు వేసినా, కుర్చీ ఒరిగి పడే గీత నాలుగు కాళ్లకు నడిమి నుంచి కాలి పొడవులో 71 శాతం దూరంలో ఉంటుంది, అయిదు కాళ్లకు 81 శాతంలో. ఆ గీత ఎంత దూరమైతే కుర్చీ అంత నిలకడ. ఆరు వేస్తే 87, పెద్దగా కలిసొచ్చేది లేదు, పైగా టేబుల్ కింద మన కాళ్లకే అడ్డం. లెక్క అయిదు దగ్గర నిలిచింది.

ఇప్పుడు కుర్చీని బోర్లించండి. సీటు మంచం మీద, చక్రాలు గాల్లో. నలుగురు పడుకునే గదిలో చెప్పులు పెట్టే మూల ఎలా ఉంటుందో చక్రాల్లో అలా ఉంది. వెంట్రుకలు, దారాలు, ఒక పెన్ను మూత. అవి తర్వాత తీద్దాం.

ఇనుప పెట్టె సీటు పలకకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది. తమ్ముడు ఎలన్ కీ పెట్టి తిప్పుతాడు. మొదటిది అర చుట్టు తిరిగి గట్టిపడింది. రెండోది రెండు చుట్లు. మూడోది కూడా పట్టింది. నాలుగోది తిరిగింది. ఇంకా తిరిగింది. తిరుగుతూనే ఉంది. మీ చేతికివ్వమనండి ఆ కీ. ఎంత తిప్పినా ఎదురు లేదు, మెత్తగా, ఊరికే తిరుగుతోంది.

"థ్రెడ్డు పోయింది," అంటాడు తమ్ముడు. లేచి వెళ్లి అగ్గిపెట్టె, ఫెవికాల్ డబ్బా తెస్తాడు. అగ్గిపుల్లలు కుక్కి బిగిద్దామని.

"అది మేకుకైతే పనికొస్తది, దీనికెందుకొస్తది?" కాక డబ్బా లాక్కుంటాడు. ఆయన చెప్పింది నిజం. చెక్కలోకి నేరుగా దిగే స్క్రూకు చెక్కే పట్టు, అక్కడ పుల్లలు పనిచేస్తాయి. ఇక్కడ బోల్టు పట్టుకునేది చెక్కను కాదు. ప్లైవుడ్ పలక పైన, స్పాంజి కింద, ఒక టీ నట్టు ఉంటుంది. నాలుగు పళ్లతో పలకను కొరికి పట్టుకుని కూర్చునే చిన్న నట్టు. మిగతా బోల్టులు వదులై సీటు రోజూ అటూ ఇటూ ఊగుతుంటే, ఆ పళ్లు ప్లైవుడ్‌ను కొద్దికొద్దిగా నమిలేశాయి. ఇప్పుడు బోల్టుతో పాటే నట్టూ తిరుగుతోంది. బయటి నుంచి ఏం చేసినా దొరకదు.

సీటు విప్పాల్సిందే. మిగతా మూడు బోల్టులూ తీసి, పెట్టెను పక్కకు తిప్పండి. సీటు గుడ్డ అంచున వరసగా స్టేపుల్ పిన్నులు. పేచ్‌కస్ కొన కిందికి దూర్చి, పైకెత్తి, పట్టకారుతో లాగాలి. ఒక మూల తీస్తే చాలు, అంతా ఊడదీయక్కర్లేదు. గుడ్డ తెరుచుకోగానే పాత ఏసీ ఆఫీసుల వాసన, చెమట, బిస్కెట్ పొడి, అన్నీ కలిసి ఒక్కసారి ముక్కుకు తగులుతాయి. స్పాంజి పలకకు అంటించి ఉంది. దాన్ని అరచేత్తో మెల్లగా ఒలవండి. చింపకండి.

అదిగో నట్టు. పళ్లు నాలుగూ బాగానే ఉన్నాయి, చుట్టూ చెక్క మాత్రం పొడి పొడిగా ఉంది. పట్టకారుతో పట్టుకుని కింద బోల్టు విప్పాక, వేలితో లాగితే వచ్చేసింది.

మధ్యాహ్నం రెండు. తమ్ముడు తార్నాక రోడ్డు మీది హార్డ్‌వేర్ షాపుకు పరుగెత్తుతాడు. ఆ షాపులో లేకపోతే రాణిగంజ్ పోవాల్సిందే, బోల్టు అన్నదానికి పుట్టినిల్లు అది, కానీ ఆదివారం నాడు అంత దూరం ఎందుకు. 8 మిల్లీమీటర్ల మందం, 35 పొడవు బోల్టు. ఒక పెద్ద వాషరు, నాణెం కంటే వెడల్పుది. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు. అతను వచ్చేలోపు కాక చక్రాల్లోంచి వెంట్రుకలు బ్లేడుతో కోసి తీస్తుంటాడు. బయట రైలు కూత. కింది ఇంట్లో ఎవరో పోపు పెట్టారు.

ఇక బిగింపు. బోల్టును ఈసారి పై నుంచి, స్పాంజి వైపు నుంచి దించాలి. తల కింద పెద్ద వాషరు, అప్పుడు బరువు ఆ చీకిపోయిన చెక్క మీద కాకుండా చుట్టూ గట్టి చెక్క మీద పడుతుంది. కింద ఇనుప పెట్టె రంధ్రంలోంచి బోల్టు కొన బయటికి వచ్చాక నైలాన్ నట్టు. పైన ఒకరు 13 నంబరు పానాతో తల పట్టుకోవాలి, కింద ఒకరు ఇంకో 13 నంబరుతో నట్టు తిప్పాలి. పైది మీరు పట్టుకోండి. మిగతా మూడింటినీ వేళ్లతోనే ఎక్కించి వదిలేయండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాతదానికి వెళితే పెట్టె ఒక పక్కకు లాగేసి కూర్చుంటుంది. ఎదురెదురు మూలలు, కొంచెం కొంచెం.

స్ప్రింగ్ వాషరు వేస్తే సరిపోదా అని తమ్ముడు అడుగుతాడు. మన మెకానిక్కులందరికీ దాని మీదే నమ్మకం. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు బోల్టు ఎందుకు వదులవుతుందో తేల్చాడు. పైకీ కిందికీ లాగడం కన్నా, బిగించిన రెండు ముక్కలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి జారడమే బోల్టును ఎక్కువగా విప్పుతుంది. మనం కుర్చీలో రోజంతా చేసేది అదే. టేబుల్ మీది ఫోను అందుకోవడానికి ఒక పక్కకు ఒంగుతాం, సీటు అడ్డంగా లాగుతుంది. అలాంటి పరీక్షకు స్ప్రింగ్ వాషరు పెద్దగా నిలవదు. నైలాన్ నట్టు బోల్టు థ్రెడ్డును పట్టుకుని ఉంటుంది కాబట్టి త్వరగా ఊడిపోదు. టీ నట్టులోకి దిగే మిగతా మూడింటికి ఆ వీలు లేదు. వాటి థ్రెడ్డుకు నీలం రంగు లాక్‌టైట్ ఒక్క చుక్క వేయండి, మళ్లీ విప్పాలంటే విప్పొచ్చు.

స్పాంజి సర్ది, గుడ్డ లాగి, చిన్న మేకులు కొట్టి, కుర్చీని నిలబెడతారు. తమ్ముడు మిమ్మల్నే కూర్చోమంటాడు. కూర్చోండి. ఎడమకు ఒరగండి. చప్పుడు లేదు. టేబుల్ వైపు చెయ్యి పోలేదు.

ఇంకా కొంచెం, రవ్వంత, గుండ్రంగా ఊగుతోంది కదా? తెలుస్తోందా? కాక మళ్లీ గొట్టం మీద చెయ్యి పెడతాడు. బయటి గొట్టం 50 మిల్లీమీటర్లది, అందులోంచి పైకి వచ్చే లోపలి గొట్టం 28ది. రెండింటి మధ్య బుష్ అరిగింది. దీన్ని బిగించడానికి బోల్టు అంటూ లేదు. లోపల బాగా ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది, విప్పి బాగుచేసే వస్తువు కాదు. మొత్తం మార్చాలి, కొత్తది వందల్లోనే దొరుకుతుంది. అది చట్రంలోకీ పెట్టెలోకీ కోసుగా దిగి, కూర్చున్నవాడి బరువుకే బిగుసుకుని ఉంటుంది. ఏళ్లు గడిస్తే ఊడిరావడానికి మొండికేస్తుంది. అది దిగిన చోట నూనె కొట్టి, రాత్రంతా వదిలేసి, మర్నాడు చట్రం నడిమి భాగం మీద సుత్తెతో చుట్టూ కొడితే వస్తుంది.

"ఇంకో రెండేండ్లు నడుస్తది తియ్యి," అంటాడు కాక, చేతులు లుంగీకి తుడుచుకుంటూ. నాదీ అదే తీర్పు. అంత చిన్న ఊగుడుకు గొట్టం మార్చడం దండగ. కూర్చుంటే సీటు దానంతటదే కిందికి దిగడం మొదలైనప్పుడు మార్చుకోవచ్చు.

మీ ఇంట్లో ఆ రోజు వస్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పాత గ్యాస్ గొట్టానికి డ్రిల్లు పెట్టకండి, కోయకండి, మంటలో వేయకండి. కబాడీ అతనికి వేసేటప్పుడు లోపల గ్యాస్ ఉందని నోరు తెరిచి చెప్పి వేయండి.