మోయెల్‌వ్రె: ఒక ఓడ పగిలిన తీరము

వేల్సు దేశపు వాయవ్యమున, మెనాయ్ జలసంధిచేత ప్రధానభూమినుండి వేరుపడి, ఆంగల్సీ అను ద్వీపమొకటి కలదు. ఆ ద్వీపపు తూర్పు తీరమున, గులకరాళ్ల ఒడ్డుగల చిన్న సముద్రపు వంపునానుకొని వెలసిన పల్లె మోయెల్‌వ్రె. హెర్రింగు చేపల వేటయు, సరకుపడవల నడపకమును ఒకప్పుడీ పల్లెవారి జీవనాధారములు. ఇచ్చటి గట్లన్నియు సున్నపురాతివి. 30 కోట్లకు పైబడిన ఏండ్లకు పూర్వము, ఈ భూభాగము వెచ్చని లోతులేని సముద్రమున మునిగియున్న కాలమందు, పగడపు జీవుల కంకాళములును గుల్లలును పొరపొరలుగా పేరుకొని గట్టిపడగా ఏర్పడిన రాయి అది. నైరృతి గాలులు వీచునంతకాలము ద్వీపమే అడ్డుగా నిలుచుటచేత, ఓడలు ఈ తూర్పు తీరమునకు వచ్చి తలదాచుకొనును. గాలి ఈశాన్యమునకు తిరిగెనా, ఆశ్రయమిచ్చిన ఆ తీరమే ఓడలపాలిటికి మృత్యుముఖమగును.

ఊరికి పడమరగా కొంత దూరము నడచినచో లిగ్వి అను ప్రదేశము వచ్చును. నవీన శిలాయుగపు సమాధి ఒకటి అక్కడ కలదు. పొట్టి నిలువురాళ్లపై పరుండబెట్టిన పైకప్పు బండ బరువు సుమారు 25 టన్నులని అంచనా. దాని క్రింద తవ్వగా బయల్పడినవి ఒక్కరి ఎముకలు కావు. దాదాపు ముప్పదిమంది అస్థులు ఒక్కచోటనే ఉండెను. ఆ సమీపముననే, చెట్లనడుమ, దిన్ లిగ్వి అను ప్రాచీన నివాసస్థలము కలదు. రోమకుల ఏలుబడి తుదిదశలో, అనగా క్రీ. శ. 4వ శతాబ్దమున, స్థానికులు సున్నపురాతి పలకలతో కట్టుకొన్న గుండ్రని ఇండ్లు, చతురస్రపు గదులు, వానిని చుట్టిన మందమైన ప్రాకారము నేటికిని మోకాటి ఎత్తునకు మించి నిలిచియున్నవి. ఇనుము కరగించిన గుఱుతులును, రోమను నాణెములును అక్కడ దొరకినవి. ఇంకను కొంత దూరమున 12వ శతాబ్దపు ప్రార్థనాలయము కప్పులేక గోడలతో మిగిలినది. అయిదువేల ఏండ్ల చరిత్రను ఒక్క పూటలో కాలినడకన చూడగల ఇట్టి తావులు అరుదని నా నమ్మకము.

అయినను మోయెల్‌వ్రె పేరు లోకమునకు తెలిసినది 1859 అక్టోబరు నెలలోని ఒక్క రాత్రివలననే.

ఆ కాలమున ఆస్ట్రేలియా బంగారు గనులలో అదృష్టము పండించుకొన్నవారు కుటుంబములతో స్వదేశమునకు మరలుచుండిరి. అట్టివారిని ఎక్కించుకొని ‘రాయల్ చార్టర్’ అను ఇనుప ఓడ ఆగస్టు 26వ తేదీన మెల్బోర్నునుండి లివర్‌పూలునకు బయలుదేరెను. అది తెరచాపలతో నడచు ఓడ. గాలి లేని వేళల తోడ్పడుటకు చిన్న ఆవిరియంత్రము మాత్రమే దానికి కలదు. రెండు నెలలలోపుననే భూగోళపు ఆ కొసనుండి ఈ కొసకు వచ్చిన ఆ ఓడ, అక్టోబరు 25వ తేదీ సాయంకాలము ఆంగల్సీ ఉత్తరపు అంచును దాటుచుండగా గాలి పెరిగి, క్రమముగా తూర్పునకును, ఆపై ఈశాన్యమునకును మరలి, ప్రచండమైన తుపానుగా మారెను. లివర్‌పూలు రేవు దారి చూపు పైలట్ ఆ సముద్రములో ఓడ ఎక్కలేకపోయెను. కెప్టెన్ థామస్ టెయిలర్ రాత్రి పదునొకండు గంటలకు లంగరులు దింపించెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఒక లంగరు గొలుసును, మరికొంతసేపటికి రెండవదియు తెగిపోయెను; గాలిపట్టు తగ్గించుటకై తెరచాపల కొయ్యలను నఱికివైచినను, యంత్రపు బలము ఆ గాలికి చాలకపోయెను. మోయెల్‌వ్రెకు ఉత్తరముగా ఒడ్డునకు కొలది గజముల దూరమున ఓడ మొదట ఇసుకమేటపై నిలిచి, తెల్లవారుజామున పోటు పెరుగగా రాళ్లపైకి విసరివేయబడి, రెండు ముక్కలయ్యెను.

మాల్టా దేశీయుడైన జోసెఫ్ రోజర్స్ అను నావికుడు నడుమునకు త్రాడు కట్టుకొని ఆ అలలలో దుమికి ఒడ్డు చేరుకొనెను. ఊరి మగవారు చేయిచేయి పట్టుకొని నురుగులో నిలిచి, త్రాడు వెంబడి వచ్చినవారిని పైకి లాగిరి. సుమారు 40 మంది బ్రదికిరి; వారందఱును పురుషులే, ఒక్క స్త్రీగాని ఒక్క బిడ్డగాని దక్కలేదు. దాదాపు 450 మంది మరణించిరి. నడుములకు కట్టుకొన్న బంగారపు బరువు కొందఱిని అడుగునకు లాగివైచినది. ఆ సముద్రపు దెబ్బకు ఒక బంగారు కడ్డీ, దానితోపాటు కొన్ని నాణెములును ఓడ ఇనుములో చొచ్చుకొనిపోయి బిగిసిపోయినవని, కొన్ని వారములకు అచ్చటికి వెళ్లిన చార్లెస్ డికెన్సు వ్రాసెను.

డికెన్సు అంతదూరము వెళ్లినది బంగారమును చూచుటకు కాదు. ఆ సమీపముననున్న లానల్గో చర్చి అర్చకుడు స్టీఫెన్ రూస్ హ్యూస్‌ను కలిసికొనుటకు. కొట్టుకొనివచ్చిన శవములను ఆయన తన చర్చిలోనికే చేర్పించెను. ఊరివారు ప్రార్థనలను బడికి మార్చుకొని ఆ ఆలయమును చనిపోయినవారికి విడిచిపెట్టిరి. ముఖములు ఆనవాలు పట్టరాని స్థితిలోనున్న ఆ దేహముల నడుమ ఆయన దీక్షతో కూర్చుండి, ఒక గుండీని, ఒక వెండ్రుకల పాయను, బట్టపై కుట్టిన పొడియక్షరములను, ఒక పచ్చబొట్టును భద్రపరచుచు, దూరదేశములనుండి వచ్చు జాబులలోని వర్ణనలతో వానిని సరిపోల్చుచుండెను. ఆయన వెయ్యికి పైబడి ప్రత్యుత్తరములు వ్రాసెనని డికెన్సు లెక్క. ఇంట భార్యయు మఱదలును ఆ పనిలో పాలుపంచుకొనిరి. నూటికి మించిన శవములను అచ్చటనే పూడ్చిరి. తనవాడు కాని మృతునికి పేరు వెదకి, ఎన్నడును చూడని తల్లికి ఆ పేరు చేర్చుటకంటె గొప్ప ధర్మకార్యమును ఊహింపజాలను. మూడేండ్లయినను తిరుగకయే, 1862లో, ఆయన పరమపదించెను.

ఓడ పగిలి నూఱేండ్లు నిండిన మరునాడు, 1959 అక్టోబరు 27న, అదే సముద్రములో ‘హిండ్లీ’ అను ఓడ లంగరు జారి కొట్టుకొనిపోవుచుండగా, మోయెల్‌వ్రె ప్రాణరక్షక పడవ నాయకుడు రిచర్డ్ ఎవాన్సు, అందుబాటులోనున్న కొద్దిమందితోనే బయలుదేరి, పదేపదే ఓడ పక్కకు పడవను చేర్చి ఎనిమిదిమందిని ప్రాణములతో దించెను. దానికి ఆయనకు స్వర్ణపతకము లభించెను. 1966లో మరియొక రక్షణకార్యమునకు రెండవ స్వర్ణపతకమును వచ్చెను.

రాయల్ చార్టర్‌ను ముంచిన తుపాను బ్రిటన్ తీరమంతటను నూఱుకు పైబడిన ఓడలను బలిగొన్నది. డార్విన్‌ను ప్రపంచయాత్రకు తీసికొనిపోయిన బీగిల్ ఓడ నాయకుడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అప్పటి వాతావరణ విభాగమునకు అధిపతి. ఆ రాత్రి వేర్వేరు తావులలో నమోదైన గాలి, పీడనముల లెక్కలను పటములపైకెక్కించి, ఇట్టి తుపానుల రాకను తంతివార్తలద్వారా ముందుగానే తెలుపవచ్చునని ఆయన వాదించెను. 1861 ఫిబ్రవరినుండి బ్రిటిషు రేవులలో ధ్వజస్తంభములపై శంకువు, పీపా ఆకారముల హెచ్చరిక గుఱుతులు ఎగురజొచ్చెను. మన కోస్తా రేవులలో నేడు ఎగురవేయు ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద సూచికలు ఆ సంప్రదాయములోనివే.

అయితే 1864 నవంబరు 1న బందరుపై ఉప్పెన విరుచుకొనిపడిన రాత్రి ఇట్టి హెచ్చరిక ఏదియు మనకు లేదు. సుమారు 30 వేలమంది ప్రాణములు పోయినవి. అంతకు నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తాయు అట్లే తుపాను పాలయ్యెను. ఈ రెండు విపత్తుల పిమ్మట 1865లో కలకత్తా రేవునకు హెచ్చరికల ఏర్పాటును, 1875లో భారత వాతావరణ శాఖయు వచ్చినవి. ఆ ఉప్పెనకు మూడేండ్లకు ముందే తన రేవులలో గుఱుతులు ఎగురవేసికొన్న ప్రభుత్వము, తన ఏలుబడిలోని బందరును ఆ మేలునకు దూరముగా నుంచుట క్షమింపదగిన ఆలస్యము కాదు.