అర అంగుళంలో ఒక్క మర తేడా

అర అంగుళం లావున్న పాత బోల్టు ఒకటి చేతిలోకి తీసుకుని, అంగుళం పొడవులో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టండి. ముతక మరల్లో 12 ఉంటే అది ఇంగ్లండు కొలత, 13 ఉంటే అమెరికా కొలత. పావు అంగుళం బోల్టుకు రెండు దేశాల్లోనూ 20 మరలే. 3/8 అంగుళానికి రెండుచోట్లా 16. అర అంగుళం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మర తేడా! ఈ సంగతి తెలిసిన నాటి నుంచి పాత జీపు ఎక్కడ కనబడినా వంగి ఛాసీ కింద చూడటం నాకు అలవాటైపోయింది.

13 మరల బోల్టును 12 మరల నట్టులో పెడితే మొదటి చుట్టు హాయిగా ఎక్కుతుంది. రెండో చుట్టూ ఎక్కవచ్చు. ఆ తర్వాత పట్టేస్తుంది. తుప్పేమోలే అనుకుని పానాకు పైపు తొడిగి లాగితే లోపలి మరలు తెగుతాయి. ఇక బోల్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, బిగియదు. థ్రెడ్డు పోయిందంటాడు మెకానిక్కు.

మన రాయలసీమ ఎద్దులబండికి ఈ బాధ తెలియదు. చక్రం ఇరుసు నుంచి జారకుండా ఆపేది కడచీల. అది పోతే ఊరి కమ్మరి కొలిమిలో ఇంకొకటి సాగగొట్టి ఇచ్చేవాడు. ఏ దేశపు కొలత అని అడగాల్సిన పని లేదు. మర అలాంటిది కాదు. దానికి జోడీ కుదరాలి.

నీళ్లు తోడే ఆర్కిమెడీస్ మర, ద్రాక్షపళ్లు పిండే రోమన్ల మరయంత్రం ఎప్పటివో. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేతును పక్కాగా కుదిర్చేదాకా ఏ బోల్టుకు దాని నట్టే. విప్పినప్పుడు జోడీలు కలిసిపోకుండా గుర్తులు పెట్టుకోవాల్సి వచ్చేది.

ఆ మాడ్‌స్లే దగ్గర పని నేర్చినవాడే జోసెఫ్ విట్‌వర్త్. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైన మనిషి. ఆయన తన కొలతే గొప్పదని పట్టుబట్టలేదు. దేశంలోని పేరున్న వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీశాడు. మర కోణం 55 డిగ్రీలు, కొన గుండ్రం, ప్రతి లావుకూ ఇన్ని మరలని 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు పెట్టాడు. రైల్వే కంపెనీలు ఆ కొలతను అందుకున్నాయి. ఒక ఊళ్లో చేసిన నట్టు వేరే ఊళ్లో చేసిన బోల్టుకు పట్టడం మొదలైంది.

అవే రైళ్లు మన దగ్గరికీ వచ్చాయి. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరుకు వేసిన లైను 1871లో బొంబాయి లైనుతో కలిసింది. నందలూరులో ఆవిరి ఇంజిన్ల షెడ్డు వెలిసింది. ఇంగ్లండు ఇంజిన్లతో పాటే విట్‌వర్త్ మర కడప గడ్డ మీద అడుగుపెట్టింది.

అంతకు కొన్నేళ్ల ముందే, 1864లో, ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ అనే యంత్రాల తయారీదారు లేచి విట్‌వర్త్ పద్ధతి మాకొద్దన్నాడు. గుండ్రటి కొన చెక్కడం ఖరీదైన పని, 55 డిగ్రీలు సరిచూసుకోవడం కష్టం అని ఆయన వాదన. 60 డిగ్రీలైతే సమబాహు త్రిభుజం, ఎవరైనా గీసుకోవచ్చు. కొనను బల్లపరుపుగా వదిలేస్తే మామూలు పనివాడు మామూలు లేతు మీదే కోసుకోవచ్చు. పెద్ద ఇంజనీరు చేతిలో అందంగా ఉండేదాని కంటే చిన్న పనివాడి చేతిలో తేలిగ్గా తయారయ్యేదే మంచి కొలత అన్న ఆ ఆలోచనకు నేను చేతులెత్తి మొక్కుతాను. అర అంగుళానికి 13 మరలు వచ్చింది ఆయన పట్టికలోనే.

ఎవరి మర వాళ్లదే అన్న పంతం ఖరీదు రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసింది. బ్రిటన్ వారి మెర్లిన్ విమాన ఇంజిన్లను అమెరికాలో తయారుచేసిన ప్యాకార్డ్ కంపెనీ తన దేశపు మరలు పక్కనపెట్టి బ్రిటిష్ మరలే కోయాల్సి వచ్చింది. 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఉమ్మడి మర మీద సంతకాలు చేశాయి. కోణం 60 డిగ్రీలు. సెల్లర్స్ గెలిచాడు.

ఆ యుద్ధంలో పుట్టిన విల్లీస్ జీపు భాగాలను తెచ్చి 1940ల చివర్లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది మహీంద్రా. ఆ జీపుకు ఎడమవైపు చక్రాల నట్లు ఎడమచేతి మరలవి. విప్పుతున్నాననుకుని బిగించి బోల్టులు తెంపిన కుర్రవాళ్ల కథలు షెడ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1958 అక్టోబరు నుంచి దేశంలో మెట్రిక్ కొలతలు అమల్లోకి వచ్చాయి. తర్వాత మహీంద్రా జీపుల్లోకి ఫ్రాన్సు దేశపు ప్యూజో డీజిల్ ఇంజిన్ వచ్చింది. ఛాసీ అంగుళాల్లో, ఇంజిన్ మిల్లీమీటర్లలో! 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీ బోల్టు కంటికి అదే అనిపిస్తుంది. మరలు మాత్రం వేరు.

సీమ దారులు దీనికి తోడయ్యాయి. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి గనుల బాటల్లో గతుకులకు బోల్టు వదులవుతుంది. వదులైన బోల్టు రంధ్రంలో ఆడుతుంది. గ్రీజులో కలిసిన దుమ్ము ఆకురాయిలా మరను అరగదీస్తుంది. బోల్టు బిగువులో మూడో వంతు దాకా మోసేది మొదటి మర ఒక్కటే కాబట్టి అది పోయాక మిగతావి వరసగా లేస్తాయి.

బాగుచేసే దారులున్నాయి. మరలు నలిగితే లోపలి మరలు కోసే ట్యాపును, అదే కొలతది, నూనెతో దింపి, ఒక చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ శుభ్రం చేస్తే చాలు. పూర్తిగా తెగితే రంధ్రం పెద్దది చేసి పై సైజు ట్యాపు కొట్టాలి. పది మిల్లీ ముతక మరకు ఎనిమిదిన్నర మిల్లీ డ్రిల్లు. సైజు మార్చడం కుదరకపోతే స్టీలు తీగ చుట్టతో లోపల కొత్త మర కూర్చవచ్చు. విమాన ఇంజిన్ల అల్యూమినియం కోసం అమెరికాలో పుట్టిన పద్ధతి ఇది. ఛాసీ రేకు పలచనైతే వెనక దళసరి పట్టీ వేసి, దానికి నట్టు వెల్డు చేయడం మేలు.

బోల్టునే ఛాసీకి వెల్డు చేసి పంపడం మాత్రం బాగుచేయడం కాదు. తర్వాతివాడు దాన్ని గ్యాసుతో కోయాలి, ఛాసీ వేడికి దెబ్బతింటుంది. విట్‌వర్త్ ట్యాపులు అంగళ్లలో దొరకడం తగ్గింది. మరల గేజీ ఆనించి ఇది ఇంగ్లండుది, ఇది అమెరికాది అని తేల్చే లేతు మేస్త్రీలు పెద్దవాళ్లైపోయారు. ఆ విద్య వాళ్లతోనే పోతే మనకు నష్టం. కర్నూలు, కడప ఐటీఐలు ఆ మేస్త్రీలను పిలిచి పిల్లల చేత గేజీ పట్టించాలి.

జీపు ఉన్నవాళ్లకు నా మాట ఒకటే. ఏ బోల్టునైనా మొదట వేళ్లతో మూడు చుట్లు తిప్పండి. వేళ్లకు ఎక్కకపోతే పానా పెట్టకండి. మరలు కొలవండి.