సాయంత్రం 6కే బయటికి పంపేశారు: థీమ్ పార్క్ ఈవెంట్ల వెనక అసలు కథ

ఈరోజు ఎపిసోడ్ హిస్టరీనే, కానీ మొదలయ్యేది మా ఇంట్లో.

మా అక్క వాళ్ళుండేది న్యూజెర్సీలో. అమ్మానాన్న మొదటిసారి అమెరికా వెళ్ళినప్పుడు, అక్టోబర్‌లో వాళ్ళని ఒర్లాండోలో ఒక పెద్ద పార్క్‌కి తీసుకెళ్ళింది. అమ్మకి రైడ్లు అక్కర్లేదు. రాత్రి బాణసంచా చూడాలి, అంతే. సాయంత్రం 6 గంటలకు సిబ్బంది వచ్చి చేతికి బ్యాండ్ ఉందా అని అడిగారు. లేదు. ఆ రాత్రి హాలోవీన్ పార్టీ, దానికి టికెట్ వేరు. ఇక బయటికి రావాల్సిందే. పార్క్ తప్పేం లేదు, వాళ్ళు వెబ్‌సైట్‌లో ముందే పెట్టారు. చూసుకోనిది మనమే. వీడియో కాల్‌లో అమ్మ "పోనీలేరా, దీపావళికి చూడంది ఏముంది" అంది. కోప్పడినా ఇంత బాధనిపించేది కాదు.

అసలు టికెట్ కొన్నవాళ్ళని సాయంత్రానికే పంపించేసే పద్ధతి ఎక్కడిది? దీని వెనక దాదాపు 70 ఏళ్ళ కథ ఉంది.

డిస్నీల్యాండ్ 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో మొదలైంది. ప్రారంభోత్సవం టీవీలో లైవ్ వచ్చింది. దొంగ టికెట్లతో కూడా జనం లోపలికి వచ్చేశారు. అది వేసవి. బడులు తెరిచాక పరిస్థితి వేరు. వారం మధ్యలో వచ్చేవాళ్ళు తక్కువ. అందుకే ఆఫ్ సీజన్‌లో సోమ, మంగళవారాలు పార్క్ మూసేసేవాళ్ళు. 1985 వరకూ ఇదే పద్ధతి.

పార్క్ వ్యాపారం ఎలా ఉంటుందంటే, జనం వచ్చినా రాకపోయినా ఖర్చు ఆగదు. రైడ్లకి మెయింటెనెన్స్ కావాలి, చెట్లకి నీళ్ళు పోయాలి, అప్పుకి వడ్డీ కట్టాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్లదీ ఇదే గోల. పీక్ లోడ్ కోసం కొంటాం, మిగతా టైమంతా ఖాళీగా తిరుగుతుంటాయి. పార్క్ వాళ్ళకి ఖాళీ అంటే రాత్రిళ్ళు, బడులు నడిచే నెలలు. ఆ ఖాళీని నింపడానికి పుట్టినవే స్పెషల్ ఈవెంట్లు.

1961లో డిస్నీల్యాండ్ గ్రాడ్ నైట్ మొదలుపెట్టింది. హైస్కూల్ పూర్తిచేసిన పిల్లలకి రాత్రంతా పార్టీ. మామూలు జనం ఇంటికి వెళ్ళిపోయాక అదే పార్క్‌ని ఇంకోసారి అమ్మడం అన్నమాట. మా అమ్మని 6 గంటలకు పంపించిన లెక్క అప్పటికే మొదలైంది.

అసలు మలుపు మాత్రం డిస్నీది కాదు, ఒక రైతుది. అనాహైమ్ పక్కనే బ్యూనా పార్క్ అనే ఊళ్ళో వాల్టర్ నాట్ బెర్రీ పండ్లు పండించి రోడ్డు పక్కన అమ్మేవాడు. 1934లో ఆయన భార్య కార్డీలియా తమ పెళ్ళినాటి పింగాణీ ప్లేట్లలో 8 చికెన్ భోజనాలు వడ్డించింది, ఒక్కోటి 65 సెంట్లు. ఆ తర్వాత జనం క్యూలు కట్టారు. వాళ్ళకి కాలక్షేపం కోసం 1940లో పాతకాలం పల్లెలా ఘోస్ట్ టౌన్ కట్టడం మొదలుపెట్టారు. అదే పెరిగి నాట్స్ బెర్రీ ఫామ్ అయింది. 1973 అక్టోబర్‌లో ఆ ఘోస్ట్ టౌన్‌లోనే మూడు రాత్రులు దెయ్యాల వేషాలు వేయించి హాలోవీన్ హాంట్ పెట్టారు. కొత్త రైడ్ కట్టక్కర్లేదు. వేషాలు, పొగ, చీకటి ఉంటే చాలు. బాగా ఆడింది. ఇప్పటికీ ఏటా జరుగుతోంది.

ఒర్లాండో ఇదే దారి పట్టింది. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1983లో వేరే టికెట్‌తో క్రిస్మస్ పార్టీ మొదలైంది. 1990లో తెరిచిన యూనివర్సల్ స్టూడియోస్ మరుసటి ఏడాదే ఫ్రైట్ నైట్స్ అని మూడు రాత్రులు పెట్టింది. 1992లో దాని పేరు హాలోవీన్ హారర్ నైట్స్‌గా మారింది. 1995లో మ్యాజిక్ కింగ్‌డమ్ చిన్నపిల్లలు భయపడని హాలోవీన్ పార్టీ ఒక్క రాత్రికి పెట్టింది.

ఇప్పుడు చూడండి. ఆ మూడు రాత్రుల హారర్ నైట్స్ 40 రాత్రులు దాటింది. ఆ ఒక్క రాత్రి పార్టీ 30కి పైగా రాత్రులు నడుస్తోంది, అదీ ఈ మధ్య ఏళ్ళలో ఆగస్టులోనే మొదలవుతోంది. ఖాళీని నింపడానికి వచ్చిన ఈవెంట్ ఖాళీ అనేదే లేకుండా చేసింది. ఆఫ్ సీజన్ కదా, ఎప్పుడెళ్ళినా ఒకటే అనే పాత సలహా అందుకే ఇప్పుడు పనికిరాదు. నెల చూస్తే సరిపోదు, తేదీ చూడాలి.

మరి ప్లాన్ ఎలా చేయాలి? మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పార్టీ ఉన్న రోజు మామూలు టికెట్ వాళ్ళకి 6 గంటలకే ఆఖరు. అది తెలిసినవాళ్ళు ఆ రోజు రారు కాబట్టి పగలు రష్ సాధారణంగా తక్కువ. మీకు రైడ్లే ముఖ్యమైతే ఆ రోజే మంచిది, పొద్దున్నే వెళ్ళిపోండి. రాత్రి బాణసంచా ముఖ్యమైతే పార్టీ లేని రోజు చూసుకోండి. పార్టీయే కావాలంటే పగటి టికెట్ కొనకండి. పార్టీ 7 గంటలకు మొదలైనా ఆ టికెట్‌తో 4 గంటల నుంచే లోపలికి పంపిస్తారు. పొద్దున హోటల్లో రెస్ట్ తీసుకోవచ్చు. హారర్ నైట్స్‌కి మాత్రం 13 ఏళ్ళలోపు పిల్లల్ని తీసుకురావద్దని పార్క్ వాళ్ళే చెప్తారు.

ఈవెంట్లతో పాటు సెలవులూ చూడాలి. నవంబర్ మొదట్లో న్యూజెర్సీలో టీచర్ల మహాసభలకి బడులు మూస్తారు. అక్కడి కుటుంబాలు ఒర్లాండోకి క్యూ కడతాయి. జెర్సీ వీక్ అని దానికో పేరే ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల సంగతి చెప్పక్కర్లేదు.

నిజానికి మనకిదేం కొత్త కాదు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు తిరుమల వెళ్ళేవాళ్ళు జనం ఉంటారని తెలిసే వెళ్తారు. వాళ్ళకి గరుడ వాహనం మీద స్వామిని చూడాలి. ప్రశాంతంగా దర్శనం చేసుకోవాలనుకునేవాళ్ళు ఇంకో రోజు చూసుకుంటారు. ఎవరికి ఏది కావాలో ముందు తేల్చుకుని, తర్వాతే తేదీ. కొండకి వెళ్ళేముందు క్యాలెండర్ తిరగేసే మనం, ఒర్లాండో అనగానే చవగ్గా ఫ్లైట్ దొరికిన రోజు బుక్ చేసేస్తాం. మా ఇంట్లో జరిగింది అదే.

మీ అమ్మానాన్న ఒక్కసారే వస్తారేమో. టికెట్ కొనేముందు పార్క్ క్యాలెండర్ తెరవండి, ఆ తేదీన సాయంత్రం ఎన్నింటికి మూస్తారో చూడండి. దానికంటే ముందు వాళ్ళని ఒక్క మాట అడగండి, అక్కడ ఏం చూడాలనుందని. మేం అడిగాం, అమ్మ చెప్పింది కూడా. తేదీ మాత్రం చూడలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.